శనివారం ఆఖరి పీరియడు

మా అమ్మ పళ్ళు తెల్లగా ఉంటాయి. నావి, మా చెల్లెవి గోధుమరంగు చారలు పడ్డవి. నాయినవి మా అంత కాకపోయినా గార పట్టినవే. నలుగురం ఒకే బోరింగు నీళ్ళు తాగాం, ఒకే కుండలో వండుకున్నది తిన్నాం. అయినా అమ్మ ఒక్కదానికే పళ్ళు తెల్లగా ఎందుకున్నాయని అడగాలని పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తోచలేదు. తోచేలా చేసింది మా హైస్కూల్లో శనివారం ఆఖరి పీరియడు.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు మా ఊరు. 1995-96లో నేను తొమ్మిదో తరగతి. టైంటేబుల్లో ఆ గడిలో ‘సహపాఠ్య కార్యక్రమాలు’ అని రాసి ఉండేది. మిగతా తరగతుల వాళ్ళు ఆ గంటలో గ్రౌండులో రాళ్ళేరేవాళ్ళు, లేదంటే వెనకబడిన లెక్కల పాఠం చెప్పించుకునేవాళ్ళు. మా సైన్స్ సారు మాత్రం ఆ గంటను ఎవరికీ ఇచ్చేవారు కాదు. పరీక్షలు దగ్గరపడి లెక్కల సారు వచ్చి గుమ్మంలో నిలబడినా, "ఇది పిల్లల గంట సారూ, ఇయ్యనీకి నాది గాదు" అని నవ్వి పంపేసేవారు.

ల్యాబు అంటే మాకు ఒక ఇనప బీరువా, దానికో తాళం. లోపల పరీక్షనాళికలు, బీకర్లు, ఒక సూక్ష్మదర్శిని ఉన్నాయని స్టాకు రిజిస్టరు చెప్పేది. పగిలితే లెక్క చెప్పాల్సి వస్తుందని అంతకుముందు ఎవరూ దాన్ని తెరవలేదు. సారు తెరిచారు గానీ అందులో పనికొచ్చేవి తక్కువే. అందుకని వారం వారం మాచేత జాబితా రాయించేవారు. డాక్టరు దగ్గర ఖాళీ మందు సీసాలు, సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు ముక్కలు, మాడిపోయిన బల్బులు, అద్దం ముక్కలు. మాడిన బల్బు మూతి జాగ్రత్తగా ఊడదీసి, లోపలి తీగ లాగేసి, నీళ్ళు నింపితే భూతద్దం అయ్యేది. దాని వెనక చీమ కాళ్ళు చూసిన రోజు రాత్రి అన్నం తింటూ కూడా చీమల గురించే మాట్లాడానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ఏడాది సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త పాకింది. మా ఊరి గుడి ముందు కూడా చెంబులతో వరుస కట్టారు. రెండు రోజులకు శనివారం. సారు ఎవరి నమ్మకాన్నీ ఒక్క మాట అనలేదు. ఒక మట్టి ప్రమిద, ఒక గులకరాయి, ఒక స్టీలు గ్లాసు తెమ్మని, చెంచా నిండా పాలు పోసి వాటికి ఆనించమన్నారు. మూడింటి దగ్గరా చెంచా ఖాళీ అయింది. పాలు ఎటు పోయాయో మాత్రం కనబడలేదు. "కనవడేటట్టు ఏం జేద్దాం?" అన్నారు సారు. వెనక బెంచీలోంచి ఎవరో "పసుపు" అన్నారు. పసుపు కలిపి పోస్తే ప్రమిద ఒంటి మీదుగా కిందికి పచ్చని పొర ఒకటి జారుతూ కనిపించింది. ద్రవం పైపొర సాగదీసినట్టు బిగిసి ఉండే గుణాన్ని తలతన్యత అంటారని నెల ముందే నోట్సులో రాసుకున్నాం, నిర్వచనం కంఠతా వచ్చు. కానీ ఆ చిటికెడు పసుపు తోచడమే సైన్స్ అని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని ఏ పరీక్షలోనూ అడగరు.

ఆ మరుసటి నెలలో సూర్యగ్రహణం. 1995 అక్టోబరు 24, దీపావళి తెల్లారి. రాజస్థాన్ నుంచి పశ్చిమ బెంగాల్ దాకా ఒక సన్నని పట్టీలో సంపూర్ణం, మాకు పాక్షికం. ముందు శనివారం సారు తన సంగతి చెప్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా జిల్లా మీదుగానే వెళ్ళింది. ఇబ్రహీంపట్నం దగ్గర ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు. సారు అప్పుడు మా అంత పిల్లవాడు. ఇంట్లో వాళ్ళు తలుపులు బిగించి, కిటికీకి గోనెసంచి కట్టి, ఆయన్ని లోపల కూర్చోబెట్టారట. మధ్యాహ్నం పూట చీకటి పడటం సంచి సందుల్లోంచి తెలిసిందట, పక్షులు గూళ్ళకు చేరే చప్పుడు వినిపించిందట. "మన నెత్తి మీదికెల్లి పోయిందిరా, నేను జూడలే" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారింది. ఈమధ్య పాత క్యాలెండరు తిరగేస్తే ఆ రోజు కూడా శనివారమే అని తెలిసింది.

గ్రహణం నాడు పొద్దున పిల్లల్ని బయటికి పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోలేదు. తరగతిలో నలభై మందికి పైగా ఉంటే పదకొండు మందిమి వచ్చాం. సూర్యుడి వైపు ఎవరూ కన్నెత్తకూడదని సారు ముందే ఒట్టు వేయించుకున్నారు. ఒక అద్దం ముక్కకు నల్ల కాగితం అంటించి, మధ్యలో శనగబద్ద అంత చిల్లు చేసి, ఎండలో ఇటుకల మధ్య నిలబెట్టారు. దాని మీంచి వెలుగు వరండా దాటి, తలుపు దాటి, చీకటి చేసిన గదిలో వెనక గోడ మీద పడింది. గుండ్రటి సూర్యుడు. ఏడున్నర దాటాక ఒక పక్క చిన్న గాటు పడింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో కొడవలిలా మిగిలాడు. ఎండ పల్చబడి, వేసవి సాయంత్రంలా కాక మరోలా అయింది. అప్పుడే మాలో ఒకడు బయటి నుంచి అరిచాడు. వేపచెట్టు నీడ పడే గోడ మీద, ఆకు సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంక అయింది. గోడంతా నెలవంకలే. గాలి వీస్తే అన్నీ కలిసి ఊగేవి. ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరాయేనని, చిన్న సందులోంచి దూరిన వెలుగు సూర్యుడి బొమ్మే వేస్తుందని సారు తర్వాత చెప్పారు. ఆ క్షణంలో మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు, మాతోపాటు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు.

ఇంటికొచ్చేసరికి అవ్వ ఇత్తడి తాంబాలంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినప్పుడు రోకలి నిలబడుతుంది, విడిస్తే పడిపోతుంది అని మా వైపు నమ్మకం. మరుసటి శనివారం సారు ఆ రోకలినే బడికి తెప్పించారు. గ్రహణం లేదు, అమావాస్య లేదు, అడుగున పొన్ను చదునుగా ఉంది కాబట్టి రోకలి నిలబడింది. అవ్వకు చెబితే నమ్మలేదు. స్వయంగా నిలబెట్టి చూసి, "ఇన్నేండ్లసంది నేను ఒట్టి దినం నిలవెట్టి సూడనేలే బిడ్డా" అంది. పోల్చి చూడటం గురించి అంతకంటే సూటిగా చెప్పిన మాట నేను తర్వాత బి.ఇడి. పుస్తకాల్లో కూడా చదవలేదు.

గోడ మీది సూర్యుడితో ఇంకో పని కూడా చేయించారు. ఒక మామూలు రోజున అద్దానికీ గోడకూ మధ్య దూరం టేపుతో కొలిస్తే 12 మీటర్లు. గోడ మీది వెలుగు బిళ్ళ 11 సెంటీమీటర్లు. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లని పుస్తకంలో ఉంది. అదే నిష్పత్తిలో లెక్కేస్తే సూర్యుడి వ్యాసం 13 లక్షల 75 వేల కిలోమీటర్లు వచ్చింది. పుస్తకంలో దాదాపు 14 లక్షలు అని ఉంది. దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో సూర్యుణ్ణి కొలిచాం. మా లెక్కల సారు కూడా వచ్చి రెండోసారి కొలిచారు. ఆ తర్వాత ఆయన శనివారం పీరియడు అడగలేదు.

ఇంతకీ పళ్ళ సంగతి.

1993లో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలైంది. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలు చిన్న జట్టుగా చేరి, ఒక ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకుని, తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని పరిశోధించాలి. ముందు జిల్లాలో, ఎంపికైతే రాష్ట్రంలో, ఆపైన జాతీయ స్థాయిలో చెప్పాలి. నమూనాలు చేసి బల్ల మీద పెట్టే పోటీ కాదిది. తిరగాలి, అడగాలి, కొలవాలి. మేం ఐదుగురం జట్టయ్యాం. ఏం చేద్దామంటే సౌరశక్తి అన్నాం, అంతరిక్షం అన్నాం. సారు అన్నీ విని, "ఒకసారి అందరు పండ్లు జూపియ్యుండ్రి" అన్నారు.

మా జట్టులో ఒకమ్మాయి ఉండేది. చదువులో మా అందరికంటే ముందు. నవ్వితే మాత్రం అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. మాట్లాడినా పెదాలు పూర్తిగా తెరిచేది కాదు. ఆ రోజు తను పళ్ళు చూపించలేదు. సారు బలవంతం చేయలేదు.

ఫ్లోరైడు అనే మాట మాకు కొత్త కాదు. వంగిన నడుములు, ముడుచుకుపోయిన కాళ్ళు, మంచం దిగలేని మనుషులు మా వాడల్లో ఉన్నారు. కానీ అది మాకు ఎండలాంటిది, ఉంటుంది అంతే. సారు చెప్పాకే దాని కథ తెలిసింది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, ఇప్పటి పొదిలి, దర్శి, కనిగిరి వైపు. పశువులు కుంటుతుంటే రైతులే ముందు గమనించారు. మా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం.

ప్రశ్నల కాగితం మేమే తయారుచేసుకున్నాం. పేరు, వయసు, ఏ నీళ్ళు తాగుతారు, బావివా బోరింగువా, పళ్ళెట్లా ఉన్నాయి, మెడ వంచి గడ్డం ఛాతీకి ఆనించగలరా, చేతులు తల వెనక్కి పెట్టగలరా, మునివేళ్ళు కాళ్ళకు అందుతాయా. సాయంత్రాలు బడి అయ్యాక ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. కొందరు కసిరారు. ఒక తాత మాత్రం మమ్మల్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "రాసుకుంటె నీళ్ళొస్తయా బిడ్డా?" అని అడిగాడు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నను కూడా నోటుబుక్కులో రాసుకున్నాం.

నలభై ఇళ్ళు అయ్యాక కాగితాలన్నీ నేల మీద పరిచి గీతలు గీసి లెక్కపెడుతుంటే, ఆ అమ్మాయే పట్టింది. "సారూ, పెద్ద ఆడోళ్ళల్ల చానామందికి పండ్లు తెల్లగున్నయ్. మొగోళ్ళకు లేవు." ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు. మగవాళ్ళు చుట్టలు తాగుతారు కాబట్టి అన్నాడొకడు. చుట్ట తాగని మా నాయిన ఉన్నాడు కదా అన్నాను. మళ్ళీ కాగితాలన్నీ చూశాం. మా కాగితంలో లేని ప్రశ్న ఒకటి కావాలని అప్పుడు తెలిసింది. మళ్ళీ అవే ఇళ్ళకు వెళ్ళి, "మీరు పుట్టిందెక్కడ?" అని అడిగాం.

తెల్లటి పళ్ళున్న ఆడవాళ్ళంతా పెళ్ళై మా ఊరికి వచ్చిన కోడళ్ళు. ఇక్కడే పుట్టి ఇక్కడే మెట్టినవాళ్ళకు మా పళ్ళే.

సారు అప్పుడు విడమరిచి చెప్పారు. పంటి మీది పింగాణీ పొర చిన్నతనంలోనే, ఎనిమిదేళ్ళ లోపే తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళ గుర్తు పంటి మీద జన్మంతా ఉంటుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఫ్లోరైడు నీళ్ళు తాగినా పళ్ళకు చారలు రావు, ఎముకలు మాత్రం పట్టేసుకుంటాయి. ఇదంతా ఎప్పుడో పుస్తకాల్లోకి ఎక్కిన విషయమే. కానీ ఐదుగురు పిల్లలం మా వీధుల్లో తిరిగి మా అంతట మేం దాన్ని కనుక్కున్నాం. ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తి, పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మకు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ కాసేపు మంట వైపు చూసి, "అయితే నా పండ్లు మా తల్లిగారూరియన్నట్టు" అంది.

నీళ్ళ పరీక్షకు నల్గొండ నుంచి సారు ఒక కిట్టు అడిగి తెచ్చారు. ఎర్రగా ఉండే మందు చుక్కలు నీళ్ళలో వేస్తే, ఫ్లోరైడు ఎక్కువైన కొద్దీ ఎరుపు తగ్గి పసుపుకు తిరుగుతుంది. ఇంజెక్షన్ సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదాని మీద బావి పేరు, బోరింగు ఉన్న వాడ పేరు రాశాం. చెరువు పక్క పాత బావి నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మా ఇంటి ముందు బోరింగు సీసా పచ్చబడింది. బోరింగు పడ్డప్పుడు బావి నీళ్ళు వద్దు, ఇవే శుభ్రం అని కొబ్బరికాయ కొట్టామని నాయిన చెప్పడం గుర్తొచ్చి చాలాసేపు ఆ సీసా వైపే చూశాను.

నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఫ్లోరైడు తొలగించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి బాగా కలిపి, తేరనిచ్చి, పైనీళ్ళు వాడుకోవాలి. ప్లాస్టిక్ బకెట్లలో అదీ చేశాం. సీసాలో రంగు కొంత వెనక్కి వచ్చింది. అది చూసి ఎగిరి గంతేశాం. కానీ వాడకట్టు ఆడవాళ్ళు తాగి చూసి వగరుగా ఉందన్నారు. కైకిలికి పోయేవాళ్ళకు పొద్దున్నే గంటసేపు నీళ్ళు తేరే దాకా కూర్చునే తీరిక ఎక్కడిది? ఈ మాటలు కూడా ప్రాజెక్టులో రాయమన్నారు సారు. ల్యాబులో పనిచేసింది ఇంట్లో ఎందుకు నిలవదో రాయడం కూడా సైన్సే అన్నారు.

జిల్లా స్థాయిలో చెప్పే రోజు. చార్టులు చుట్టి పురికొసతో కట్టుకుని బస్సెక్కాం. చెప్పాల్సింది నేను. మొదటి రెండు వాక్యాల తర్వాత నోరెండిపోయింది. ఆ అమ్మాయి ముందుకు వచ్చి అందుకుంది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, "ఈ నలభై ఇళ్ళు ఎట్లా ఎంచుకున్నారు?" అని అడిగారు. మాకు తెలిసిన ఇళ్ళే, మమ్మల్ని కసరని ఇళ్ళే తీసుకున్నాం అని తను నిజం చెప్పింది. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నారు. మా లెక్కలో లోపం అక్కడే ఉందని మాకు అర్థమైంది. తర్వాత ఇంకొకరు, పళ్ళ మీద చారలంటే ఎట్లా ఉంటాయి, బొమ్మ ఏదైనా గీశారా అని అడిగారు. గీయలేదు. తను ఒక్క క్షణం ఆగి, అరచెయ్యి కిందికి దించుకుని, పెదాలు తెరిచి చూపించింది. "గిట్లుంటయ్ సార్" అంది.

మా ప్రాజెక్టు రాష్ట్రానికి ఎంపిక కాలేదు. తిరుగు బస్సులో సారు మా అందరికీ పల్లీలు కొనిపెట్టారు. తను కిటికీ పక్క కూర్చుని చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏదో చెబుతూ నవ్వుతోంది.

1996 వేసవిలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. ఫ్లోరైడు నీళ్ళ గోడు దేశానికి వినిపించాలని నల్గొండ స్థానంలో కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. మా ఇంటి ముందు అరుగు మీద పెద్దవాళ్ళు దాని గురించి మాట్లాడుతుంటే, "మా సీసాలల్ల కూడా అదే ఉన్నది" అని మధ్యలో దూరాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు.

నేనిప్పుడు జీవశాస్త్రం చెబుతున్నాను. మొదట చేరిన ప్రైవేటు బడిలో వారానికి ఒక్క గంట అడిగితే, తల్లిదండ్రులు ర్యాంకులకు ఫీజు కడుతున్నారు, ఆటలకు కాదు అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ప్రభుత్వ బడికి వచ్చాక కూడా ప్రాజెక్టు మార్కుల కోసం పిల్లలు షాపుల్లో థర్మోకోల్ అగ్నిపర్వతాలు కొని తెస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎర్ర రంగు, వెనిగరు, సోడా ఉప్పు, చప్పట్లు. పిల్లవాడికి అందులో తెలియనిది ఏదీ లేదు, తెలుసుకోవాల్సిందీ లేదు. అలాంటిది తెచ్చిన పిల్లల్ని నేను తిట్టను. "మీ ఇంటి బావి ఎంత లోతు?" అని అడుగుతాను. ఎవరికీ తెలియదు. శనివారం తాడు, రాయి, టేపు పట్టుకుని బయల్దేరుతాం. ఆ గంటను నేనూ ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

ఊళ్ళోకి కృష్ణా నీళ్ళు వచ్చాయి, ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు నవ్వుతుంటే వరసగా వాళ్ళ పళ్ళే చూస్తూ కూర్చున్నాను, అన్నీ తెల్లగా. అమ్మ గడప పట్టుకుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ ఆన్చి, మెల్లగా లేచి నా పక్కకు వచ్చింది. డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. పాత నోటుబుక్కులో తన పేరు ఎదురుగా నేను రాసిన గీతలు తనకు ఇంకా గుర్తున్నట్టుంది.

"ఇగో బిడ్డా, గది గూడ రాసుకో" అంది. "పండ్లు తల్లిగారియి, మోకాళ్ళు అత్తగారియి."